గోడ మీద గంగ పేరు

కామారెడ్డి
2-11-2012

మామకు,

గంగ నమస్కారాలు. ఫోన్ చేస్తే నీకు సగం వినబడదు. వినబడని సగానికి కూడా నువ్వు "ఆ, ఆ" అంటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఇది మా అమ్మకు, అదే యాడికి, చదివి వినిపించవద్దు. ముందు నువ్వొక్కడివే చదువుకో.

దసరా సెలవుల్లో మా బడి టీచర్లమంతా సాంచి టూరు వెళ్ళాం కదా. స్తూపం చూశాం, ఫోటోలు దిగాం. తిరుగు రైలు భోపాల్ నుంచి, అదీ సాయంత్రానికి. మధ్యలో నాలుగు గంటలు ఖాళీ. మిగతావాళ్ళు చీరలు కొనడానికి పోయారు. గ్యాస్‌కు పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఒక బస్తీలో ఆడవాళ్ళే కలిసి చిన్న మ్యూజియం పెట్టుకున్నారని ఆటో అతను చెప్పాడు. బాపు పోయిన ఊరికి వచ్చి చీరలు కొనుక్కుని పోవడం ఏం బాగుంటుందని నేను అటు వెళ్ళాను. మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, "ఒక్కదానివే పోకు" అన్నాడు. అప్పటికే చెప్పులు విడిచి లోపల ఉన్నాను.

రెండు గదుల ఇల్లు. టికెట్టు లేదు. మొదటి గదిలో గాజు పెట్టెల్లో వస్తువులు పెట్టారు. చంటిపిల్ల గౌను, కళ్ళద్దాలు, సొట్టపోయిన టిఫిను డబ్బా, ఎవరిదో పెళ్ళి కార్డు. పక్కనున్న మీట నొక్కితే ఆ ఇంటివాళ్ళ గొంతు వినిపిస్తుంది. గౌను దగ్గర నొక్కి, రెండో మాటకే మీట వదిలేశాను.

రెండో గదిలో గోడ నిండా పేర్లే. తప్పిపోయినవాళ్ళ కోసం ఆ రోజుల్లో బంధువులు రాయించిన కాగితాలు సేకరించి, వాటిని చూసి రాశారట. నాకు వచ్చిన హిందీతో లింబ్యా, లింబ్యా అని గంటసేపు వెతికాను. మెడ పట్టుకుపోయింది. బాపు పేరు లేదు. కింది వరుసలో ఇది ఉంది: గంగ, వయసు 26, ఎల్లారెడ్డి, జిల్లా నిజామాబాద్, స్టేషన్ దగ్గర.

మామా, ఆ ఏడు మన తండా నుంచి భోపాల్ పనికి పోయిన గుంపులో గంగ అనే మనిషి లేదు. ఇరవై ఆరు బాపు వయసు. అప్పటికి నాకు ఆరు నెలలు. చచ్చిపోయినవాళ్ళ గోడ మీద నా పేరు, దాని ముందు నేను. పక్కనున్న ఒకామె "మీ అక్కనా?" అని అడిగింది. తల ఊపాను.

అక్కడ పెద్దామె ఒకరున్నారు, అందరూ ఆపా అంటారు. ఆమె పాత కాగితం నకలు తీసి చూపించింది. "రాయించినది: భార్య" అని ఉంది, కింద యాడి వేలిముద్ర ఉంది. ఎవరి నోటిమాట మీద రాశారో వాళ్ళే వచ్చి సరైన పేరు చెప్పి, గొంతు రికార్డు చేయిస్తే తప్ప మార్చరట. ఊరికే వచ్చి అది తప్పు, ఇది తప్పు అనేవాళ్ళు చాలామంది ఉంటారట.

నువ్వు కూడా యాడి వెంట పోయావు కదా. చదువుకున్నవాడివి, పంతులువి. పక్కన ఉండి కూడా బాపు పేరుకు బదులు నా పేరు ఎట్లా రాయనిచ్చావు? ఇంకొకటి. గుంపులో పదకొండు మంది ఊరవతల కాలువ పని దగ్గర పడుకుని బతికి వచ్చారు. బాపు ఒక్కడు స్టేషన్‌లో ఏం చేస్తున్నాడు?

యాడికి నా పేరు సంగతి చెప్పకు. బాపు పేరు గోడ మీద లేదని మాత్రం చెప్పి, భోపాల్ వచ్చి ఆ పేరు చెప్పేలా ఒప్పించు.

గంగ


ఎల్లారెడ్డి
9-11-2012

చి. గంగకు,

బాబూలాల్ ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఆ కోపం రావలసింది నా మీదని అర్థమైంది.

మేం పోయింది ఘోరం జరిగిన పది రోజులకు. ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేశారు. మగవాళ్ళది ఒక లైను, ఆడవాళ్ళది ఒక లైను. నేనే చెప్పి రాయిద్దామని మగవాళ్ళ లైన్లో నిలబడ్డాను. నిన్ను ఎత్తుకుని మీ యాడి, మా దేవ్లి, ఆడవాళ్ళ వైపు నీడకు పోయింది. వాళ్ళ లైను ముందు కదిలింది. గుమాస్తా "ఎవరు తప్పిపోయారు" అని అడిగితే "ఈమె బాపు" అని నిన్ను చూపించిందట. పేరు అడిగితే నోరు విప్పలేదు. మన దగ్గర ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరని ఆ ఊరి గుమాస్తాకు ఏం తెలుసు? వెనక వందల మంది ఏడుస్తూ నిలబడ్డారు. "పోనీ పిల్ల పేరు చెప్పు" అన్నాడట. చెప్పింది. వయసు ఆయనది చెప్పింది, చోటు చెప్పింది. అతను ఆ మూడు మాటలు కలిపి ఒక మనిషిని చేసి రాసుకున్నాడు.

నేను వచ్చి కాగితం చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. దిద్దమంటే రేపు రమ్మన్నారు. సాయంత్రం బండి ఉంది, నీకు వాంతులు. తర్వాత చూద్దాంలే అనుకుని వచ్చేశాను. ఆ తర్వాత అనేది ఇరవై ఎనిమిదేళ్ళు నడిచింది.

ఇక మీ యాడి సంగతి. మక్క కంకులు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను.

"ఆయన పేరు గోడకెందుకు? ఇంట్లనే పలకలే, భోపాల్ వోయి పలుకుతనా?" అన్నది.

"పలికితే ఏమైతదే?"

"మొగని పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతది."

"ఇంక ఆయుష్షు ఏడుందే దేవ్లీ? ఇరవై ఎనిమిదేండ్లాయె."

"పీనుగును నువ్వు జూసినవా? నేనైతే జూడలే. జూడనోన్ని సచ్చిండని ఎట్ల జెప్త?"

ఇంకా ఏదో అనబోతే కంకి విసిరింది. మోకాలి మీద తగిలింది. వితంతు పింఛను కాగితం నేను మూడుసార్లు నింపి తెస్తే మూడుసార్లు పొయ్యిలో పెట్టిన మనిషి. ఆమెతో వాదించి గెలవడం నా వల్ల కాదు. మన తండాలోనే ఇంకో లింబ్యా ఉన్నాడు కదా, అతన్ని కూడా పేరు పెట్టి పిలవదు, కోళ్ళాయన అంటుంది. అతను కోళ్ళు అమ్మేసి పదేళ్ళయింది. అతనే విసుగెత్తి "ఇప్పుడు నాకు బర్లున్నయి" అని చెప్పి చూశాడు.

ఈ పని వదిలెయ్యి బిడ్డా. పేరు గోడ మీద లేకపోతే మనిషి లేకుండా పోడు.

బాబూలాల్


కామారెడ్డి
16-11-2012

మామకు,

"వదిలెయ్యి" అని రాసేముందు ఒక్కసారి ఆలోచించావా? అరవైకి దగ్గరపడ్డావు, కంకి దెబ్బకు భయపడి నాకు నీతులు చెబుతున్నావు.

ఆపాకు నిన్న ఫోన్ చేశాను. నేనే చెబుతానంటే, "నువ్వు అప్పటికి పాలు తాగే పిల్లవు, నీకేం తెలుసు" అన్నది. పోనీ మా మామ కూడా వచ్చాడు, ఆయన చెబుతాడంటే, "ఆయన వేలిముద్ర కాగితం మీద ఉందా?" అని అడిగింది. లేదు, మగవాళ్ళ లైన్లో ఉన్నాడని చెప్పాను. నవ్విందో నిట్టూర్చిందో నాకు తెలియలేదు. చివరికి ఒక మాట ఒప్పుకుంది. రాలేకపోతే ఫోన్లో రికార్డు చేసి పంపినా సరే, కానీ తన పేరు, ఆయన పేరు, ఆమె గొంతుతోనే స్పష్టంగా ఉండాలి.

మా ఆయన తన పాత సెల్‌ఫోన్ బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపుతున్నాడు. ఎర్ర గుర్తు నొక్కితే రికార్డవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. నీకు అర్థం కాకపోతే ఎవరినైనా అడుగు. తెలిసినట్టు నటించకు, మా ఆయన అదే భయపడుతున్నాడు.

నాకు ఇదెందుకు ఇంత పట్టుదలో నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. బాపు ఫోటో లేదు. సమాధి లేదు. ఓటరు లిస్టులో కూడా లేదు. ఆయన ఈ భూమి మీద ఉన్నాడనడానికి రాతపూర్వకంగా ఉన్నది నా బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు ఒక్కటే. పోయిన చోట రాసిన ఒక్క వరుసలో కూడా ఆయన్ను తోసేసి నేను కూర్చున్నాను. క్లాసులో హాజరు పిలుస్తుంటే అదే గుర్తొస్తుంది.

స్టేషన్ సంగతి అడిగాను, జవాబు లేదు. మర్చిపోయావా?

గంగ


ఎల్లారెడ్డి
28-11-2012

చి. గంగకు,

ఫోన్ అందింది. ఎర్ర గుర్తు నొక్కడం నాకు వచ్చు. ముప్పై ఏళ్ళు ఒక్కడినే ఐదు తరగతులు నడిపినవాణ్ణి, ఒక మీట నొక్కలేనా?

మొదటి రోజు సూటిగా అడిగాను. "నీ పేరు జెప్పు, నీ మొగని పేరు జెప్పు" అన్నాను. "నా పేరు నీకు తెల్వదా? నువ్వే పెట్టినవంట గదా" అని లేచి మేకలకు ఆకు వేయడానికి పోయింది.

రెండో రోజు కోళ్ళాయనను, అంటే లింబ్యాను, వాకిట్లో నిలబెట్టి, "ఎవరొచ్చిండ్రో చూడే" అని కేక వేశాను. తొంగి చూసి, "కోళ్ళాయన" అన్నది. అతను మొహం చిన్నబుచ్చుకుని టీ తాగి పోయాడు.

మూడో రోజు నాకు మంచి ఉపాయం తట్టింది. ఆ ఏడు భోపాల్ పోయిన పన్నెండు మంది పేర్లు నేను మర్చిపోయాను, గుర్తు చెయ్యి అన్నాను. పదకొండు పేర్లు గడగడా చెప్పింది. ఎవరి కొడుకో, ఎవరికి ఏ వేలు తెగి ఉండేదో అన్నీ చెప్పింది. పన్నెండో దగ్గరికి వచ్చేసరికి, "ఇగ ఈయన" అన్నది. నేను ఫోన్ ఇంకా దగ్గరికి జరిపాను. "ఈయనకు కారం ఎక్కువ గావాలె" అని చెప్పి, గిన్నెలు తోముకోవడానికి పోయింది. ఇంటికొచ్చి విందామంటే నాకు ఏమీ వినబడలేదు. ఎదురింటాయనను అడిగితే మొదటి నుంచి చివరి దాకా మేకల అరుపులే ఉన్నాయన్నాడు. నేను ఫోన్ తిప్పి పట్టుకున్నానట.

ఇక నీ మాట. మీ యాడి తన గొంతుతోనే మొగుడి పేరు చెప్పాలని పట్టుబడుతున్నావు. నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. రెండింటిలో కలిపి మూడుచోట్ల "మా ఆయన" అని ఉంది. ఎర్ర పెన్నుతో గీసి లెక్కపెట్టాను. అతనికి పేరు లేదా? డిగ్రీ చదివి, పిల్లలకు పాఠాలు చెప్పే నీకే కలం సాగలేదు. అక్షరం రాని ఆమె నోరు ఎట్లా తెరుస్తుంది?

చలి మొదలైంది. మీ యాడికి దగ్గు. స్వెట్టర్ తెస్తానన్నావు, తే.

బాబూలాల్


కామారెడ్డి
4-12-2012

మామకు,

దేవీసింగ్. దేవీసింగ్. దేవీసింగ్. నా భర్త పేరు దేవీసింగ్. చాలా? రాసేటప్పుడు ఒక్క క్షణం చేయి ఆగింది, నిజమే, ఒప్పుకుంటున్నాను. పక్కనుంచి అతను చూసి నవ్వాడు. నీ ఎర్ర పెన్ను ఇంకా ఎండిపోలేదు, రిటైరై మాత్రం ఏడాది దాటింది.

నిన్న డిసెంబరు మూడు. టీవీలో భోపాల్ చూపించారు. కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తున్నారు. ఒక ముసలాయన స్టేషన్ చూపిస్తూ, ఆ రాత్రి రైళ్ళ కోసం, రైళ్ళలో వచ్చేవాళ్ళ కోసం నిలబడ్డవాళ్ళే ఇక్కడ ఎక్కువమంది పోయారని చెబుతున్నాడు. నేను అన్నం పళ్ళెం పక్కన పెట్టేశాను.

మామా, ఇది మూడోసారి అడగడం. బాపు స్టేషన్‌లో ఏం చేస్తున్నాడు? మొదటి ఉత్తరానికి నువ్వు కంకి దెబ్బ గురించి రాశావు. రెండోదానికి మేకల గురించి, స్వెట్టర్ గురించి రాశావు. నాకు నలభై మంది పిల్లలున్నారు క్లాసులో. హోంవర్కు చేయనివాడు సరిగ్గా ఇట్లాగే మేకల గురించి చెబుతాడు.

ఈసారి జవాబు రాకపోతే ఆదివారం బస్సెక్కి వచ్చి యాడినే అడుగుతాను.

గంగ


ఎల్లారెడ్డి
15-12-2012

చి. గంగకు,

నువ్వు ఆదివారం వస్తావేమోనని వాకిలి చూస్తూ కూర్చున్నాను. రాలేదు. బతికిపోయాను అనుకున్నాను. కానీ ఎన్నాళ్ళని.

మీ బాపు భోపాల్ పోయిన రెండు నెలలకు కబురు పంపాడు. అక్కడ పని ఎండాకాలం దాకా ఉంది, దేవ్లిని, బిడ్డను పంపు, గుడిసె వేశాను, వంటకు తిప్పలవుతోందని. మీ యాడి సంబరపడింది. జవాబు నేనే రాశాను. ఆదివారం రాత్రి బండికి దిగుతారు, స్టేషన్‌కు వచ్చి నిలబడు, చంటిపిల్లతో ఆడమనిషి, వాళ్ళు కనబడేదాకా అక్కడి నుంచి కదలకు అని రాశాను. "కదలకు" కింద గీత కూడా గీశాను. పంతులు బుద్ధి.

శనివారం పొద్దున బయల్దేరాలి. తెల్లారేసరికి నీకు ఒళ్ళు కాలిపోతోంది. ఎల్లారెడ్డి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే రెండు రోజులు ప్రయాణం వద్దన్నాడు. తంతి కొట్టాలని తపాలా ఆఫీసుకు పోతే మధ్యాహ్నానికే తలుపు వేసి ఉంది. కాలువ పని దగ్గరికి తంతి పోతుందో లేదో కూడా తెలియదు. రాకపోతే ఆయనే తిరిగి పోతాడులే అనుకున్నాం.

ఆ ఆదివారం డిసెంబరు రెండు.

గుంపులో వాళ్ళు వచ్చి చెప్పారు. బండి వచ్చి పోయాక కూడా ఆయన రాలేదట. తర్వాతి బండికి వస్తారేమో చూస్తానని ఒకరితో చెప్పి పంపాడట. కదలకు అన్నాను కదా, కదల్లేదు.

ఇప్పుడు తెలిసింది కదా. నేను రాసిన ఉత్తరం నా గుండెల మీద ఉంది. మీ యాడి గుండెల మీద ఇంకోటి ఉంది. ఒక్కసారే అన్నది నాతో, ఇరవై ఏళ్ళ కింద: "వస్తనని జెప్పి పోనిదాన్ని. ఏ మొహం పెట్టుకోని పిలువాలె ఆయనను?" మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నీకు తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. జ్వరం వచ్చింది నీకు కాబట్టి. ఆ ఒట్టు ఈ పూట తీసి గట్టున పెట్టాను.

నా మీద కోపం ఉంటే ఉండనీ. ఆమెను ఏమీ అనకు.

బాబూలాల్


కామారెడ్డి
22-12-2012

మామకు,

నాలుగు రోజులు ఏమీ రాయలేకపోయాను. కోపం లేదు. ఉన్నా ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. ఆరు నెలల పిల్ల మీదనా?

ఇక యాడిని ఏమీ అడగవద్దు. సెల్‌ఫోన్ తిరిగి పంపించు. గోడ మీద నా పేరే ఉండనీ. ఆ రాత్రి మేమిద్దరం బండి దిగి ఉంటే నేను ఆ గోడ మీదే ఉండేదాన్ని. అట్లా చూస్తే ఆ గుమాస్తా రాసింది అంత తప్పేమీ కాదు.

స్వెట్టర్ కొన్నాను. పంపుతాను.

గంగ


ఎల్లారెడ్డి
3-1-2013

చి. గంగకు,

నీ ఉత్తరం చదివి నాకు ఎంత ఒళ్ళు మండిందో రాయలేను. బతికి ఉండి, జీతం తీసుకుంటూ, సంసారం చేసుకుంటూ, నా పేరు చచ్చినవాళ్ళలో ఉండనీ అని రాస్తావా? ఆ మంటలోనే లేచి పోయి, చదవవద్దు అన్న మొదటి ఉత్తరంతో సహా నీ ఉత్తరాలన్నీ మీ యాడికి చదివి వినిపించాను. అవును, నువ్వు వద్దన్నావు. నాకు వినబడలేదనుకో.

"గోడ మీద గంగ పేరున్నదా?" అన్నది. చేతిలో చాట కింద పడింది.

"ఉన్నది. నువ్వు జెప్పిన పేరే రాసుకున్నడు."

"నేను పిల్ల పేరని జెప్పిన. సచ్చినామె పేరని జెప్పిన్నా? బతికున్న బిడ్డ పేరు సచ్చినోళ్ళ నడుమ ఇరవై ఎనిమిదేండ్ల సంది ఉన్నదా? నువ్వు జూసి గూడ సప్పుడు జెయ్యలేదా?"

తర్వాత ఏమన్నదో ఇక్కడ రాయను. నాకు చెవుడు రావడం కొంత మంచిదే అని ఆ పూట అనుకున్నాను. తండా అంతా వచ్చి నిలబడింది. కోళ్ళాయన అడ్డం వస్తే అతన్నీ వదల్లేదు.

సారాంశం ఏమిటంటే, ఆమె భోపాల్ వస్తుంది. కానీ జాగ్రత్తగా విను. ఆయన పేరు పెట్టించడానికి కాదు, నీ పేరు తీయించడానికి. "బిడ్డ పేరు తుడిపిస్త, ఇంటికొస్త, గంతే" అంటోంది. ఆయన పేరు చెప్పకుండా నీ పేరు తీయరే అని ఎంత చెప్పినా, "ఎట్ల తియ్యరో నేను జూస్త" అంటోంది. పండగ కాగానే టికెట్లు తియ్యి. నేను రాను. నేను గీత గీసిన మాటకు కట్టుబడి ఒక మనిషి నిలబడిపోయిన చోటికి నేను రాలేను. నువ్వు, దేవీసింగ్ తీసుకుపోండి.

ఇక నాకు ఓపిక లేదు. అక్కడ ఏం జరిగిందో మాత్రం మొత్తం రాయి. ఫోన్ చేయకు.

బాబూలాల్


కామారెడ్డి
30-1-2013

మామకు,

నిన్న పొద్దున తిరిగి వచ్చాం. యాడి ఇక్కడే ఉంది, నిద్రపోతోంది. రికార్డు చేసింది ఇచ్చారు కానీ నీకు వినబడదు కాబట్టి ఒక్క మాట వదలకుండా రాస్తున్నాను.

దారిలో నా ప్రాణం తీసింది. మూడు రోజులకు సరిపడా జొన్న రొట్టెలు, మిరపకాయ తొక్కు మూటగట్టి తెచ్చి, రైలు తిండి ముట్టనివ్వలేదు. కిటికీ పక్క సీటు కోసం ఒక మిలిటరీ ఆయనతో కొట్లాడి గెలిచింది. దేవీసింగ్ ఏసీలో టికెట్లు తీస్తే, "ఈ డబ్బల గాలి రాదు" అని రాత్రంతా తిట్టింది. భోపాల్‌లో దిగాక మాత్రం, అందరూ బయటికి పోతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది. "బండి దిగెటోల్ల కోసం వచ్చినోళ్ళు ఏ కాడ నిలవడ్తరు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆటో వాళ్ళు చుట్టుముట్టారు, సామాను జారిపోతోంది, నేను విసుక్కుని చేయి పట్టి లాక్కొచ్చాను. అట్లా లాగి ఉండకూడదు.

మ్యూజియంలో గాజు పెట్టెలు ఏవీ చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, "ఏది?" అన్నది. చూపించాను. చదవడం రాదు కదా, నా పేరు మీద అరచేయి పెట్టి మూసేసింది. అట్లాగే పట్టుకుని ఆపాతో తనకొచ్చిన హిందీలో కొట్లాటకు దిగింది. "ఈమె నా బిడ్డ. ఇగో, బతికే ఉన్నది. పంతులమ్మ. తుడిచెయ్యి" అన్నది.

ఆపా కోప్పడలేదు. "తుడుస్తానమ్మా. కానీ ఒక మనిషి పోయాడు కదా. ఆ వరుస ఖాళీగా ఉంచితే ఆయన ఎవరికీ ఏమీ కాకుండా పోతాడు. ఎవరాయన?" అన్నది.

"ఈమె బాపు."

"ఈమె బాపుకు పేరుంటుంది కదమ్మా."

యాడి నా మొహం చూసింది. నేను నోరు తెరవలేదు మామా, నీ మీద ఒట్టు. నాకు ఎంత విసుగొచ్చినా, ఎంత ఏడుపొచ్చినా, ఒక్క మాట అనలేదు. దేవీసింగ్ ఏదో అనబోతే కాలు తొక్కాను.

యాడి మంచినీళ్ళు అడిగింది. తాగి, "స్టేషన్ ఎటు దిక్కున్నది?" అన్నది. ఆపా వాకిలి వైపు చూపించింది. రికార్డు చేసే పెట్టె ముందు కుర్చీ వేసి ఉంటే, దాన్ని వాకిలికి ఎదురుగా తిప్పుకుని కూర్చుంది. ఆపా మీట నొక్కి, "మీ పేరు చెప్పండి" అన్నది. "దేవ్లి" అన్నది. "ఆయన పేరు" అన్నది ఆపా.

యాడి చెప్పలేదు. పిలిచింది. తండాలో చేను అవతలి మనిషిని పిలిచినట్టు, గొంతెత్తి పిలిచింది.

"లింబ్యా."

గదిలో ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. యాడి నోట ఆ పేరు ఎట్లా ఉంటుందో నేను పుట్టి ఇరవై ఎనిమిదేళ్ళకు విన్నాను.

"ఓ లింబ్యా. బండి వోయినంక గూడ నిలవడ్డవెందుకయ్యా? రానోల్ల కోసం గంతసేపు చూస్తరా ఎవరన్న? మా అన్నకు బుద్ధి లేక కదలకుమని రాసిండు, నీకన్న ఉండద్దా? పిల్లకు జ్వరమొచ్చింది. గంతే అయ్యింది. ఇంకేం గాలే. నీ మీద అలిగి ఆగిపోయిన అనుకున్నవో ఏందో. అలగలే. బట్టలు మూటగట్టుకోని తయారుగున్న. పిల్ల మంచిగైంది, సదువుకున్నది. గీ ముచ్చట జెప్దామని వచ్చిన."

ఆపి, వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. బయట స్కూటర్లు పోతున్నాయి. ఎవరో పిల్ల పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆపా అయిపోయిందనుకుని మీట మీద చేయి వేయబోతే, యాడి ఆగమన్నట్టు చేయెత్తింది. ఇంకా కొంతసేపు చూసింది. ఎంతసేపో నాకు తెలియదు, రికార్డులో చూస్తే తెలుస్తుంది. తర్వాత కుర్చీ మెల్లగా మా వైపు తిప్పుకుంది.

"పిలిచిన," అన్నది. "పలకలే. ఇగ రాసుకోండ్రి."

గంగ